ఎర్రర్‌ని పైకి చదవమన్న మనిషి

వరద నీటి వాసన ఆఫీసు కిటికీలోంచి లోపలికి వచ్చింది. గోదావరి ఎర్రబడినప్పుడు వచ్చే పచ్చి మట్టి వాసన. సరిగ్గా అప్పుడే, మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి, "మేడమ్, ఏదో ఎర్రర్ వచ్చిందండి, మూసేశాను" అంది. నాకు ఒళ్ళు మండింది. "చదవకుండా ఎలా మూస్తావమ్మా? మళ్ళీ తెప్పించు. పైకి చదువు!" అని అరిచాను. పాపం, ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. ఆ మాట నాది కాదని తనకేం తెలుసు? అది ఆదిలక్ష్మి గారి మాట. ఆవిడ పోయి నెల కూడా కాలేదు.

నా మొదటి ఉద్యోగం ధవళేశ్వరంలో, బ్యారేజీ కనబడే ఒక మేడ మీద. మొత్తం ఆరుగురం. టెస్టింగ్ అంతా ఆదిలక్ష్మి గారి చేతిలో ఉండేది. ఆవిడది అంతర్వేది వైపు ఒక పల్లెపాలెం. తండ్రీ అన్నదమ్ములూ అందరూ చేపల వేటకెళ్ళేవాళ్ళే. మేము తయారు చేస్తున్న యాప్ కూడా అలాంటి వాళ్ళ కోసమే. గాలివాన వస్తోందంటే సముద్రం మీదున్న పడవల్లోని ఫోన్లకు వెనక్కి రమ్మని మెసేజి పంపాలి. ఆఫీసులో నెట్ పరుగెడుతుంది. నది సముద్రంలో కలిసే చోటు దాటాక సిగ్నల్ ఒక గీత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకని మంచి నెట్‌ని కావాలనే పాడు చేసి టెస్టు చేసేవాళ్ళం. నల్ల తెర మీద ఒక కమాండ్ కొడితే పంపినదాంట్లో మూడో వంతు దారిలోనే పోతుంది. ఇంకోటి కొడితే ఆలస్యంగా చేరుతుంది. "చెడగొట్టడానికి కూడా జీతమిస్తారేంటే?" అని మా నాన్న నవ్వేవారు. మాది రాజమండ్రిలో బట్టల కొట్టు.

చేరిన మొదటి వారంలోనే నాకు 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అని ఎర్రర్ వచ్చింది. నేను ఏ ఫైలూ చెయ్యలేదు కదా అని విసుక్కుని, అదే కమాండ్ పదిసార్లు కొట్టాను. ఆదిలక్ష్మి గారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. చేతిలో ఎప్పటిలాగే స్టీలు గ్లాసు, చల్లారిపోయిన టీ.

"పైకి చదువు, సుధా."

"చదివానండి, ఏం అర్థం కాలేదండి."

"కళ్ళతో కాదమ్మాయ్, నోటితో."

సిగ్గుపడుతూ చదివాను. ఆవిడ నవ్వారు. "ఉంది అంటోంది. ఏముంది? నెట్ పాడు చెయ్యమని నిన్న నువ్వు పెట్టిన రూలే ఇంకా ఉంది. అది తియ్యకుండా కొత్తది పెడతానంటే ఎలా? ముందు అది తీసెయ్యి." తీశాను, పనిచేసింది. "మిషను అబద్ధం చెప్పదమ్మా, మనమే వినం" అంటూ లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండేళ్ళూ ఏ ఎర్రర్ వచ్చినా ఆవిడ ముందు బళ్ళో పిల్లలా పైకి చదివాను. విసుగొచ్చేది. చెప్పొద్దూ, ఆవిడ లేనప్పుడు చదివేదాన్ని కాదు.

మా కొట్టులో చీరకి ఎక్కడైనా చిన్న చిరుగుంటే, అది లోపలికి పోయేలా మడత పెట్టడం నాకు చిన్నప్పుడే వచ్చు. ఆఫీసులోనూ అదే చేశాను. యాప్ అప్పగించాల్సిన వారం టెస్టులు ఒక కొత్త మిషను మీదికి మార్చాం. రూలు పెట్టే లైను దగ్గర 'కెనాట్ ఫైండ్ డివైస్' అని వచ్చింది. కొత్త మిషనులో నెట్‌వర్క్ కార్డు పేరు వేరు; పాత పేరుతో వెతికితే దొరకదు. ఐదు నిమిషాల పని. పైకి చదివి ఉంటే తెలిసిపోయేదే. సాయంత్రం అక్క నిశ్చితార్థం, బస్సుకి టైమైపోతోంది. ఎర్రర్ వచ్చినా చూపించకుండా మింగేసి ముందుకెళ్ళమని ఆ లైను చివర చిన్న తోక తగిలించాను. రూలు పడలేదు, నెట్ చెడలేదు. మంచి నెట్ మీద టెస్టులన్నీ పచ్చగా పాసైపోయాయి.

"ఇంత త్వరగా అయిపోయాయేంటి?" అన్నారు ఆదిలక్ష్మి గారు.

"మొన్న కోడ్ బాగుచేశారు కదండీ, అందుకేమో" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసి సంతకం పెట్టారు. నన్ను నమ్మారు.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. మెసేజి వెళ్ళింది. దగ్గర్లో ఉన్న పడవలన్నీ మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చేశాయి. దూరంగా, సగం సిగ్నల్లో ఉన్న ఒక పడవ రాలేదు. అందులో ఆదిలక్ష్మి గారి పల్లెపాలెం వాళ్ళే, నూకరాజు, అతని తమ్ముడు. మొదటిసారి చేరకపోతే మళ్ళీ పంపడానికి మా యాప్ గంటల తరబడి ఆగుతోంది. పాడైన నెట్ మీద టెస్టు చేసి ఉంటే ఆ లోపం మొదటి రోజే బయటపడేది. తమ్ముణ్ణి వేరే పడవ వాళ్ళు తీశారు. నూకరాజు దొరకలేదు.

నాలుగో రోజు ఆదిలక్ష్మి గారు, "నువ్వూ రా" అని నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళారు. నూకరాజు భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, మా వంక చూడలేదు. తమ్ముడు మెడలో ప్లాస్టిక్ కవరులో కట్టుకున్న ఫోను తీసి చూపించాడు. "ఇదిగోండి మీ మెసేజి. నన్ను ఒడ్డున పడుకోబెట్టాక మోగిందండి. వెనక్కి రమ్మని." ఆదిలక్ష్మి గారు ఆ ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఆ మెసేజి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారు.

తిరుగు బస్సులో రాజోలు దాటాక అడిగారు. "నాకేమైనా చెప్పాలా, సుధా?"

"ఏం లేదండి."

ఆవిడ తల ఊపి కిటికీ వైపు తిరిగారు.

మర్నాడు మీటింగులో, యాప్ చేయించుకున్న వాళ్ళ ముందు ఆవిడ లేచి నిలబడి, "టెస్టు నా బాధ్యతండి. నేనే సరిగ్గా చూడలేదు" అన్నారు. నేను బల్ల చివర తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోయారు. ఫోను చేస్తే మామూలుగానే మాట్లాడేవారు, బాగున్నావా, తిన్నావా అని. క్రమంగా నేనే చెయ్యడం మానేశాను. ఆ ఊళ్ళో ఆవిణ్ణి ఏమన్నారో, సొంత వాళ్ళ ముందు ఎలా తలెత్తుకు తిరిగారో నేను ఒక్కసారీ అడగలేదు.

పోయారని తెలిసిన రోజు, అన్నేళ్ళ తర్వాత, నా దగ్గరే ఉండిపోయిన ఆ పాత టెస్టు ఫైలు తెరిచాను. నేను తగిలించిన తోక లేదు. కార్డు పేరు సరిచేసి ఉంది. ఎవరు, ఎప్పుడు మార్చారో పక్కనే ఉంటుంది కదా, చూశాను. ఆదిలక్ష్మి. నూకరాజు పోయిన మర్నాడు. అంటే నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళేనాటికే ఆవిడకు తెలుసు. బస్సులో అడిగేటప్పటికి తెలుసు. మీటింగులో లేచి నిలబడేటప్పటికీ తెలుసు. తోక తగిలించింది నేనని ఆ పక్కనే నా పేరూ ఉంది. కుర్చీలోనే కూలబడి ఏడ్చాను. అంత ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడు నేను ప్రతి ఎర్రర్‌నీ పైకి చదువుతాను, ఎవరూ లేకపోయినా సరే. ఆఫీసులో వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆదిలక్ష్మి గారికి ఇక చెప్పలేను. గోడకి ఆనుకుని కూర్చున్న ఆవిడ మాత్రం ఇంకా ఆ పల్లెపాలెంలోనే ఉంది. తన భర్తకు మెసేజి చేరకపోవడం ఆదిలక్ష్మి గారి తప్పేనని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. అటు వెళ్ళే మొదటి బస్సు పొద్దున్న ఆరింటికి. ఈ నెలలో రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి, బస్సు కదిలేదాకా నిలబడి, వెనక్కి వచ్చేశాను.