ముఖం చూడలేదని మార్కులు కోశారు

మా మనవరాలు హారిక బరంపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో కూడా వాళ్ళకొక పాఠమట. ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి వీడియో తెమ్మన్నారు. నేను చింతపండులో గింజలు తీస్తూ దానితో మాట్లాడాను. వాళ్ళ మేడం అది చూసి, "మీ మామ్మ నీ ముఖమే చూడలేదు, ఆవిడకి వినడం రాదు" అని అందరి ముందూ అని, సగం మార్కులు కోసేసింది. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది.

మర్నాడు ఆటో దండగని, మేముండే అంకులి పేట నుంచి నడిచే కాలేజీకి వెళ్ళాను. "మామ్మా, నా పరువు తియ్యకు, ఎల్లిపోదాం" అని హారిక చెంగు లాగుతున్నా క్లాసులోకి నడిచాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను తిన్నగా మేడం బల్ల దగ్గరికి వెళ్ళాను.

ఊరు ఒడిశాలోదైనా మేడం తెలుగావిడే.

"సెవులు మొకానికి పక్కనుంటాయమ్మా, ముందుండవు. మీరు వీడియో సూసినారు. ఇది ఏటందో ఇన్నారా?" అని హారికని చూపించి అడిగాను.

ఆవిడ ఫోను తీసి వీడియో వెతకబోయింది.

"మీ ఇంగిలీసు తెలీక, అడగడానికి బయమేసి, సదువు మానేస్తానంది. నేను గుడ్లప్పగించి సూస్తే ఆ మాట దాని నోటంట వచ్చేదేటి?"

హారిక తల దించుకుంది. మేడం వచ్చి దాని పక్కన కూర్చుని, చూపు పుస్తకం మీదే ఉంచి, "ఎక్కడ అర్థం కాలేదమ్మా?" అని తెలుగులో అడిగింది. హారిక గడగడా చెప్పేసింది.

మార్కులు మాత్రం పెంచలేదు. పెంచకపోతే పోనీ. మూడో తరగతితో ఆగిన నాకు ఆ పాఠం పేరు పలకడం కూడా రాదు, కానీ వినడం రాదంటే మాత్రం ఎవరినీ వదలను.