అక్కకు ఇచ్చిన ఉప్పు

క్యాసంబళ్ళిలో శ్రీకంఠయ్య కిరాణా అంగడికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆయన భార్య దాక్షాయణి కోసమే వస్తారు. ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరికి అరగడం లేదు, అన్నీ ఆమెకు తెలుసు. అడగకముందే వామో సొంఠో పొట్లం కట్టి ఇస్తుంది. రక్తపోటు మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ వినుత ఊళ్ళోకి వచ్చినప్పుడు పంచాయతీ వాళ్ళు ఆ అంగడినే చూపించారు.

మామూలు ఉప్పులో కొంత సోడియం తగ్గించి, బదులుగా పొటాషియం కలిపిన ఉప్పు ఒకటి ఉంది. దాన్ని కొన్ని ఊళ్ళలో వాడిస్తారు. మిగతా ఊళ్ళలో జనం ఎప్పటి ఉప్పే తింటారు. కొంతకాలం తరువాత రెండుచోట్లా రక్తపోటు కొలిచి పోల్చి చూస్తారు. ఏ ఊరికి ఏదన్నది చీట్లు వేసి తీశారు. క్యాసంబళ్ళికి కొత్త ఉప్పు వచ్చింది, దాన్ని ఇల్లిల్లూ పంచే పని దాక్షాయణికి అప్పగించారు. బూదికోటకు రాలేదు.

బూదికోటలో దాక్షాయణి అక్క పుష్పావతి ఉంది.

"మా అక్కోళ్ళ ఊరికి ఎందుకు లేదు డాక్టరమ్మా?"

"అందరికీ ఇచ్చేస్తే, ఈ ఉప్పుతోనే తగ్గినాదని ఎట్ల తెలుస్తాదమ్మా? పోల్చేదానికి కొందురు ఉండాల కదా."

"అంటే మాకు మంచిది, వాళ్ళకి పాతది."

"మంచిదో కాదో ఇంగా తెలీదు. తెలుసుకునేదానికే ఇదంతా."

ఈ జవాబు దాక్షాయణి మనసుకు ఎక్కలేదు. తెలియకపోతే ఊరంతటికీ ఎందుకు పంచుతారు? తల్లి పోయినప్పుడు ఆమెకింకా జడ వేసుకోవడం కూడా రాదు. సాకింది అక్కే. ఆ అక్కకు చాలాకాలంగా షుగర్ ఉంది. కిడ్నీలు బలహీనపడ్డాయని, ఉప్పు తగ్గించమని నిరుడు డాక్టర్లు చెప్పారు. ఉప్పు తగ్గించాల్సిన మనిషి అక్కడ, తగ్గించిన ఉప్పు ఇక్కడ.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ ఉప్పు తినకూడదని వినుత మొదటిరోజే చెప్పింది. ఊళ్ళో ఎవరికైనా ఉందా అని దాక్షాయణి ఇల్లిల్లూ అడిగింది కూడా. కానీ ఆమె లెక్కలో కిడ్నీ జబ్బంటే డయాలిసిస్‌కు పోయేవాళ్ళది. అక్క మాత్రలు మింగుతుంది, అంతే. పైగా నలుగురికి వండి పెడుతోంది.

ఒక సోమవారం బస్సెక్కి ఆ ఉప్పును తానే బూదికోటకు తీసుకుపోయింది. ఉప్పు చేతికి ఇవ్వకూడదు కాబట్టి వంటగట్టు మీద పెట్టింది.

"ఇంగ ఇదే వాడక్కా. పక్కింటోళ్ళకి మాత్రం చెప్పొద్దు."

"కొంచెం చేదుగా ఉండాదే."

"మందు అనుకో."

నెల తిరగకముందే పుష్పావతి కొడుకు గగన్ ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, అమ్మకి కాళ్ళు లేస్తా లేవు. గుండె ఎట్లనో కొట్టుకుంటా ఉండాది. కోలారుకి తీసుకొని పోతాండాము."

దాక్షాయణి ఆసుపత్రి చేరేసరికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. పొటాషియం బాగా పెరిగిపోయిందని, దానివల్ల గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పాడు. సూది మందు ఎక్కిస్తూనే గగన్‌ను అడిగాడు. "ఈమధ్య ఏమైనా కొత్తగా తిన్నారా? నాటు మందు, కొబ్బరి నీళ్ళు?"

"ఏమీ లేదు సార్. ఎప్పుడూ తినేదే."

పొటాషియం అన్న మాట దాక్షాయణి ఆ ఉప్పు కవరు మీద ఎన్నోసార్లు చూసింది.

"నేను ఉప్పు మార్చినాను సార్," అంది. గగన్ ఆమె వైపు తిరిగి చూశాడు. తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

ఆ రాత్రి డయాలిసిస్ చేశారు. మూడోనాటికి పుష్పావతి లేచి కూర్చుంది. దాక్షాయణి వినుతకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, ఈ పని నాకొద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి అని ఏడ్చింది.

మర్నాడు వినుత అంగడికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. "మాది ఊరిగాం కదమ్మా. మా తాత ఆడ బంగారు గనిలో పనిచేసినాడు. దగ్గు ఉండాదంటే పని పోతాదని, ఆయనా ఆయన జతగాళ్ళూ ఎప్పుడూ నోరు తెరవలేదు. చెప్పకుంటే ఎవురికీ తెలీదు. మీరు చెప్పినారు. మేమూ తప్పు చేసినాము. కిడ్నీ జబ్బు ఉండాదా అని అడగమంటిమి గానీ, రక్తం తీసి చూడలేదు. ఉప్పు ఊరు దాటి పోతాదని అనుకోలేదు."

పరిశోధనను పర్యవేక్షించే కమిటీకి ఆమె రాసి పంపింది. కొత్త ఉప్పు పంచడం కొన్నాళ్ళు ఆపేశారు. ఎందుకు ఆపారని అంగడికి వచ్చినవాళ్ళు నిలదీస్తే, దాక్షాయణి అక్క సంగతి దాచకుండా చెప్పింది. ఆ మాట శ్రీకంఠయ్యకు నచ్చలేదు. "మన ఇంటి విషయం వీధిలో ఎందుకు?" అన్నాడు. ఆమె మానలేదు.

తరువాత నర్సు రశ్మితో కలిసి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి జబ్బు పేరు అడగలేదు. "షుగర్ ఉండాదా? ముఖం వాస్తాదా? బయటూరి నుంచి వచ్చి మీ ఇంట్లో తినేటోళ్ళు ఎవురైనా ఉండారా?" అని అడిగింది. రశ్మి అందరికీ రక్తం తీసింది. కూతురింటికి వచ్చి ఉంటున్న నారాయణమ్మ కిడ్నీలు సగం దెబ్బతిన్నాయని అప్పుడే తెలిసింది. ఆ ముసలామెకే తెలియదు. ఆ ఇంటికి పాత ఉప్పు మళ్ళీ వచ్చింది, మిగతా ఇళ్ళకు కొత్త ఉప్పు పంచడం తిరిగి మొదలైంది.

గడువు ముగిశాక బడి వరండాలో జనాన్ని కూర్చోబెట్టి వినుత ఫలితం చెప్పింది. కొత్త ఉప్పు తిన్న ఊళ్ళలో రక్తపోటు కొంత తగ్గింది. పెద్ద అద్భుతమేమీ కాదు, కానీ తగ్గింది. ఇక బూదికోటకూ ఇస్తారు. జనం చప్పట్లు కొట్టారు. దాక్షాయణి కొట్టలేదు. ఇన్ని ఇళ్ళకు మేలు చేసింది ఒక్క ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చింది. రెండూ నిజమే. వాటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం ఆమెకు చేతకాలేదు.

ఇప్పుడు అక్కను పరీక్షలకు కోలారు తీసుకుపోయేది ఆమే. గగన్ మొదట్లో ముభావంగా ఉన్నాడు. ఈమధ్య మాత్రం చిన్నమ్మను తానే బండి మీద బస్టాండులో దిగబెడుతున్నాడు. మొన్న బస్సులో పుష్పావతి కిటికీ పక్క సీటు చెల్లెలికి ఇచ్చి, ఇంట్లో చేసిన చప్పటి సంగటి గురించి సణిగింది.

"రుచీ పచీ లేదే. నువ్వే తిని చూడు."

"మా ఇంట్లో నేనూ చప్పటిదే తింటా ఉండాను లేక్కా," అంది దాక్షాయణి.