ఒక తేయాకు, రెండు ఊళ్లు

మా వదిన పేరు వెయ్ చ్యూలియన్. కొండకి అవతలి ఊరి పిల్ల. మా అన్నని చేసుకుని ఇటు వచ్చింది. మధ్యలో ఒక వాగు, గంట నడక, అంతే. అయినా ఇనుప గ్వాన్‌యిన్ అనే తేయాకు మాటొస్తే ఆ ఊరికీ మా ఊరికీ పడదు.

కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్నే మా నాన్నకి టీ పోసి ఇచ్చింది. నాన్న వాసన చూసి, "ఈ మొక్క ఎవరికి దొరికిందో తెలుసా అమ్మాయ్?" అన్నాడు.

"తెలుసు మామయ్యా. మా ఊరి రైతు ఒకాయన రోజూ గ్వాన్‌యిన్ అమ్మవారికి టీ పెట్టేవాడట. అమ్మవారు కల్లోకి వచ్చి బండ సందులో మొక్క చూపించింది."

"కల్లోనా? మా వాంగుల వంశంలో పండితుడు మెలకువగా ఉండి, తను చదువుకునే రాతిగది పక్కన కళ్లారా చూసి తెచ్చాడు. చక్రవర్తి ఆ టీ రుచి చూసి ఈ పేరు పెట్టాడు."

"మరి ఆయన అమ్మవారి పేరే ఎందుకు పెట్టాడు మామయ్యా?"

వంటింట్లో అమ్మ చేస్తున్న పని ఆపేసింది. కొత్త కోడలు మామగారిని అలా అడగడం మేమెవరం ఎరగం. వదిన ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఆ వసంతంలో పుట్టింటికెళ్లి, అక్కడి పాత పొద కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. మా ఊరి పాత పొదవీ కోసుకొచ్చింది. వంటిల్లు వెనక రెండు సాళ్లుగా నాటి మూడేళ్లు చూసింది. రెంటి చిగురూ ఎర్రగానే వచ్చింది, రెంటి ఆకు కొనా ఎడమకే వంగింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని వారం రోజులు తేడా వెతికాడు. "మీ వైపుది కాస్త పొగరుగా ఉంది" అన్నాడు చివరికి. ఆయన చూపించింది మా ఊరి సాలే.

రెండూ ఒకటే మొక్కయితే ఎటునుంచి ఎటు వచ్చింది? వదినకి అదే పట్టుకుంది. సంతలో కనిపించిన ముసలాళ్లనల్లా అడిగేది. ఏ ఊరివాళ్లు ఆ ఊరి కథే చెప్పారు. వాగొడ్డున ఉండే తొంభై ఏళ్ల అవ్వ మాత్రం వేరే మాట చెప్పింది.

"మా అమ్మమ్మ చెప్పేది. ఎవరో పెళ్లికూతురు పుట్టింటి మీద బెంగతో కొమ్మలు బట్టల మూటలో దాచుకుని వాగు దాటిందట. అత్త కంటబడకుండా బండల మధ్య నాటిందట."

"ఎటునుంచి ఎటు దాటింది అవ్వా?"

"అదే గుర్తులేదు తల్లీ. అత్తంటే వణికిపోయేదని మాత్రం చెప్పేది."

వదిన గబగబా వచ్చి నాన్నకి చెప్పింది. ఆయన పొగాకు గొట్టం నోట్లోంచి తీశాడు.

"అత్తకి భయపడిందా? అయితే మా ఊరి పిల్ల అయ్యుండదు, మావాళ్లు ఎవరికీ భయపడరు. మీ ఊరినుంచే వచ్చుంటుంది" అన్నాడు.

అనేశాక గానీ తానేం ఒప్పుకున్నాడో ఆయనకి తట్టలేదు. అన్న నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. వదిన నవ్వలేదు. "మీకు కచ్చితంగా తెలుసా మామయ్యా?" అని అడిగింది.

ఇప్పుడామెకి డెబ్భై. మొన్న మా వీధికి కొత్తగా వచ్చిన కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అమ్మమ్మ ఈ మొక్క గురించి ఏమైనా చెప్పేదా?" అని అడుగుతుంటే విన్నాను.