తెలిసే చదివిన శ్లోకం

తెలిసి చేసిన పనిని తెలియక చేశానని చెప్పాను. ఆ మాటను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. దాన్ని నమ్మిన నా స్నేహితుడు రఘు పోయిన నెల చనిపోయాడు. ఇక ఎవరికి చెప్పాలి? మీకు చెబుతున్నాను.

మేముండేది అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరు. రఘు కూతురు స్నేహ చదివింది ప్రభుత్వ బడిలో. అక్కడ బాస్కెట్‌బాల్ ఆటకు ముందు కోచ్ పిల్లలందరి చేత ఏసు ప్రార్థన చేయించేవాడు. స్నేహ తల వంచలేదు. జట్టులో చోటు పోయింది. రఘు కోర్టుకు వెళ్ళాడు. సర్కారు బడిలో మతం ఉండకూడదన్నది రాజ్యాంగం ఇచ్చిన మాట అని వాడి నమ్మకం.

ఆ కేసు నడుస్తుండగానే మా రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. బడుల్లో ప్రార్థన మీద ఫిర్యాదులను కోర్టులు అసలు విననే కూడదని దాని సారాంశం.

ఇక్కడ సభ రోజూ ప్రార్థనతో మొదలవుతుంది. చదవడానికి బయటివాళ్ళను పిలుస్తారు. బిల్లు పెట్టిన సభ్యుడు గుడి కమిటీలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. చర్చ జరిగే రోజునే వచ్చి సంస్కృత శ్లోకం చదవమన్నాడు. అన్ని మతాలూ తన వెంట ఉన్నాయని సభకు చూపించాలట. దాచకుండా చెప్పాడు. మా గుడి కట్టడానికి ఊరి కౌన్సిల్ అనుమతి అప్పటికింకా రాలేదు. అతను ఒక మాట సాయం చేస్తాడన్న ఆశతో సరేనన్నాను. గుడి కోసమేనా? పట్టుపంచెతో ఆ సభ ముందు నిలబడాలన్న సరదా నాకు లేదా? ఉంది.

నేను శ్లోకం మొదలుపెట్టగానే కొందరు సభ్యులు లేచి బయటికి వెళ్ళారు. పిలిచినవాడూ వెళ్ళాడు. అయిపోయాక తిరిగొచ్చి, హిందువులకే లేని అభ్యంతరం ఇంకెవరికి అంటూ ప్రసంగించాడు.

బయట వరండాలో రఘు. చర్చ వినడానికి వచ్చాడు.

"ఏరా పంతులూ, నా కూతురి కేసుకి తద్దినం పెట్టడానికి వచ్చావా?"

"అది కాదురా..."

"ఇవాళే బిల్లని తెలిసే వచ్చావా?"

"ఒట్టురా, నాకు తెలీదు. ప్రేయర్ చేయమన్నారు, డ్రైవ్ చేసుకుని వచ్చా. అంతే."

నా మొహంలోకి చూశాడు. "అయితే నిన్ను వాడుకున్నార్రా, వెధవలు. పద, కాఫీ తాగుదాం."

కాఫీ వాడే ఇప్పించాడు.

బిల్లు పైసభలో ఆగిపోయింది. కేసు మాత్రం మిగల్లేదు. "అంకుల్‌కే ఓకే అయితే మనకెందుకు డాడీ?" అందట స్నేహ. రఘు కేసు వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాత కౌన్సిల్ ట్రాఫిక్ పేరు చెప్పి గుడికి అనుమతి లేదంది. ఆ సభ్యుడు నా ఫోన్ ఎత్తలేదు. మేము కోర్టుకే వెళ్ళాం. లాయర్ని చూసిపెట్టింది రఘు. గెలిచాం. ఆ సభ్యుడు నన్ను మోసం చేశాడని చాలాకాలం కుమిలిపోయాను. ఏ హక్కుతో?

రఘు అంత్యక్రియల రోజు స్నేహ నా చేయి పట్టుకుంది. "వాళ్ళు మిమ్మల్ని యూజ్ చేశారని డాడీ అందరికీ చెప్పేవారు అంకుల్."

తల ఊపాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మళ్ళీ అదే అబద్ధం, ఈసారి నోరు తెరవకుండా.

మా గుడిలో ఇప్పుడు రోజూ ఆ శ్లోకం చదువుతారు. అందరితోపాటు నిలబడతాను. పెదవులు కదపను.

స్నేహకు ఎప్పటికైనా చెప్పగలనో లేదో తెలియదు. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. బిల్లు ఆ రోజేనని నాకు ముందే తెలుసు. తెలిసే వెళ్ళాను.