వెనక సీటు బరువు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆటోనగర్‌లో కార్లు బాగుచేసే షెడ్డు నాది. ఇనుము అబద్ధమాడదు, మనిషే ఆడతాడు అనేవాణ్ణి. ఆదివారం చర్చికి వెళ్లినా అది మా ఆవిడ రూతమ్మ పోరు పడలేకే. అలాంటివాణ్ణి చెబుతున్నాను, నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

అది డెబ్బై నాలుగో, డెబ్బై అయిదో సంవత్సరం. బ్యాంకు దోపిడీ సినిమా తీస్తున్నామని ఒక కంపెనీవాళ్లు మూడు పాతకాలం కార్లు తెచ్చి నా షెడ్డులో పెట్టారు. దొంగలు వాటిలో కంకిపాడు దగ్గర కాలవ గట్టు మీద పారిపోవాలి. వాటిలో పెద్ద నల్ల కారు తోలేది మా బావమరిది దావీదు. తల్లీ తండ్రీ లేనివాడు, రూతమ్మ చేతుల్లో పెరిగాడు. "ఏవండీ, వాడి బండి మాత్రం మీ చేత్తో చూడండి" అని ఆవిడ మరీ మరీ చెప్పింది.

ఆ కారు మైలవరం వైపు ఎవరి పాకలోనో ఏళ్ల తరబడి పడి ఉన్నదట. కుడి వెనక చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య నా నాలుగు వేళ్లు పట్టేవి. ఎడమవైపు రెండే. అటువైపు బరువు మోసే కమాన్లు చచ్చాయనుకుని కొత్తవి వేశాను. జాకీ దించగానే రెండువైపులా నాలుగు వేళ్లు. అన్నం తినొచ్చి చూద్దును కదా, ఎడమవైపు మళ్లీ రెండు!

టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. నేల చదునే. కమాన్లు ఊడదీసి మళ్లీ బిగించాను. అదే వరస. చిరాకేసి దావీదుని వెనక సీట్లో కుడివైపు కూర్చోమన్నాను. కారు సమంగా నిలబడింది. రెండువైపులా రెండేసి వేళ్లు. అంటే ఎడమవైపు ఉన్నది అచ్చం ఒక మనిషి బరువు.

పట్టపగలే వాణ్ణి చెయ్యి పట్టి కారులోంచి బయటికి లాగాను. "వెనక ఎవరో కూర్చున్నార్రా, ఈ బండి తోలకు" అన్నాను.

దావీదు పడీపడీ నవ్వాడు. "ఏంటి బావా, నువ్వేనా ఈ మాటనేది? ఆయనగారికి కూడా కంపెనీవాళ్లు వేషం ఇచ్చారేమోలే!"

అంతలోనే మేనేజరు వచ్చాడు. "కారు సిద్ధమేనా అండీ?" అని అడిగాడు. కాదంటే ఎందుకని అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, సీట్లో ఎవరో కూర్చున్నారని చెప్పనా? సిగ్గేసింది. "సిద్ధమేనండీ" అన్నాను. నా నోరు పడిపోను.

మర్నాడు మధ్యాహ్నం షాటు తీశారు. దావీదు దుమ్ము రేపుకుంటూ వచ్చి, మలుపు తిప్పి, చెప్పినచోట ఆపాడు. జనం చప్పట్లు కొట్టారు. వాడు దిగగానే నేను పరుగున వెళ్లి వేళ్లు పెట్టి చూశాను. ఎడమవైపు నాలుగు. కుడివైపు నాలుగు. హమ్మయ్య, పోయింది అనుకుని గట్టు మీదే కూలబడి నవ్వాను.

ఇంటికి వస్తూ వాణ్ణి నా స్కూటరు వెనక ఎక్కించుకున్నాను. బక్కపలచటి మనిషి. అయినా స్కూటరు మూలుగుతూ లాగింది. వాణ్ణి కూర్చోనిచ్చి నేను దిగి చూస్తే వెనక టైరు నేలకి నొక్కుకుపోయి ఉంది. గాలి మాత్రం నిండుగా ఉంది. మళ్లీ ఎక్కి ఇంటిదాకా మెల్లగా తోలాను.

మూడోరోజు దావీదుకి జ్వరం వచ్చింది. "అక్కా, గుండెల మీద బరువుగా ఉందే" అంటూనే ఉండేవాడు. డాక్టరుగారు న్యుమోనియా అన్నారు, ఇంజక్షన్లు ఇచ్చారు. వారం తిరక్కుండానే పోయాడు.

మావాళ్లలో శవపెట్టె ఇంటివాళ్లే మోస్తారు. ఆరుగురం ఎత్తబోయాం, లేవలేదు. ఇంకో ఇద్దరు చెయ్యి వేస్తేగాని లేవలేదు. టేకు చెక్క కదా, బరువే ఉంటుంది అన్నారు ఎవరో. నేను ఇంజన్లు ఎత్తినవాణ్ణి. మనిషి బరువెంతో నా భుజానికి తెలుసు. ఆ పెట్టెలో ఉన్నది ఒక్కడు కాదు.

తర్వాత మైలవరం వెళ్లి, ఆ కారులో ఎవరైనా పోయారా అని వాకబు చేశాను. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. న్యుమోనియా అంటే న్యుమోనియానే కావచ్చు. ఆ వేళ్ల లెక్క మాత్రం నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు.

రూతమ్మకి ఇవేవీ చెప్పలేదు. "ఆ బండి మా ఆయన చూశారు కాబట్టే షూటింగులో మావాడికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు" అని ఆవిడ పోయేదాకా అందరికీ చెప్పుకుంది.