పుస్తకాల సిస్టర్ విన్న కేక

ప్రసూతి వార్డులో ఆమెను అందరూ పుస్తకాల సిస్టర్ అనేవారు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె ఊరు దాటింది రెండుసార్లే. కానీ ఏ దేశంలో పురుడు ఎలా పోస్తారో, పసిబిడ్డను దేంట్లో చుడతారో అడిగితే గడగడా చెప్పేది. అన్నీ లైబ్రరీ పుస్తకాల్లో చదివినవే. "మా సిస్టర్‌కి పాస్‌పోర్టు లేదు గానీ ప్రపంచం అంతా చుట్టొచ్చింది" అని డాక్టరమ్మ ఆటపట్టించేది.

ఒక మధ్యాహ్నం పరాయి దేశపు అమ్మాయి తొలి కాన్పుకి వచ్చింది. భర్త వంతెన పనిలో ఇంజినీరు. అతనికి ఇక్కడి భాష బాగానే పట్టుబడింది, ఆమెకు ఒక్క ముక్కా రాదు. వాళ్ల దేశం పేరు వినగానే సిస్టర్ ముఖం వెలిగింది. ఆ దేశం గురించిన ఇంగ్లీషు పుస్తకం రెండుసార్లు చదివింది మరి. అక్కడి ఆడవాళ్లు నొప్పుల వేళ నోరు విప్పరనీ, ఎవరూ పలకరించకూడదనీ అందులో ఉంది. అందుకే అందరికీ మాట్లాడొద్దని సైగ చేసి, తనూ మౌనంగా పక్కన నిలబడింది.

రెండు గంటలు గడిచాయి. బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉంది. తల్లి మాత్రం దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని వణుకుతోంది. నాడి చూద్దామని సిస్టర్ చెయ్యి పట్టుకుంటే, ఆ పిల్ల గోళ్లు దిగేలా బిగించి పట్టేసింది. కళ్లనిండా భయం. సిస్టర్ ఆమె ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది. ఇంతసేపూ తను చూసింది ఈ పిల్లనా, పుస్తకాన్నా?

ఆ పుస్తకం చివర ఇచ్చిన మాటల్లో, వాళ్ల భాషలో 'అమ్మా' అనేది ఒకటి గుర్తుంది. వంకరటింకరగానే పలికింది. ఆ అమ్మాయి చప్పున దుప్పటి వదిలేసి, గబగబా ఏదో చెప్పింది.

"ఏమంటోంది బాబూ?" అని సిస్టర్ గుమ్మంలో నిలబడ్డ భర్తని అడిగింది.

భర్త తడబడ్డాడు. "సిస్టర్ గారూ, ఇక్కడ అరిస్తే నర్సులు తిడతారు అని ఎవరో చెప్పారు. అందుకే నోరు మూసుకుంది."

"అదేంటి! మీ దేశంలో అసలు అరవరట కదా?"

"ఎవరు చెప్పారు? మా అమ్మ నన్ను కన్నప్పుడు ఆ అరుపులకి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది!"

సిస్టర్‌కి సిగ్గుతో పాటు నవ్వూ వచ్చింది. "నోరారా అరవమను నాయనా. ఎవరు తిడతారో నేనూ చూస్తా."

అతను చెప్పాడు. మరుక్షణం వార్డు దద్దరిల్లింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. "అలా, అలాగే తల్లీ" అంటూ సిస్టర్ వీపు నిమురుతూనే ఉంది. గంట తిరక్కుండానే ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలు. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు సిస్టర్ పుస్తకం తీసుకెళ్లి ఆ అమ్మాయికి చూపించింది. భర్త ఆ నొప్పుల పేజీ వాళ్ల భాషలోకి మార్చి వినిపిస్తే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అది కొండల మీద ఉండే వాళ్ల సంగతట, అదీ ముత్తవ్వల కాలం నాటిదట. తర్వాత ఒక్కో పేజీ తిప్పిస్తూ, ఇది నిజం, ఇది ఉత్తది అని వేలితో చూపించింది. నిజాలే ఎక్కువ తేలాయి.

ఆ సాయంత్రం బస్సెక్కి కూర్చోగానే, ఒళ్లో పుస్తకం తెరవకుండానే సిస్టర్‌కి హాయిగా నిద్ర పట్టేసింది. దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.