ఇంటిపేర్ల వరుస

గంధం రెబెక్కమ్మ టైపు కొట్టిందంటే తప్పు దొర్లదని తడ మిషన్ కాంపౌండులో అందరికీ గురి. ఆ పేరు కాస్తా గంగలో కలిసే గడియ 1961 ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున వచ్చింది.

ఆ కాంపౌండులో హిల్డమ్మ గారని ఒక జర్మనీ దొరసాని ఉండేది. బెర్లినులో సినిమా రీళ్లు కత్తిరించి అతికించే పని చేసిన మనిషి. యుద్ధమయ్యాక, ఇక్కడ నర్సుగా ఉన్న అక్క దగ్గరికి వచ్చి ఉండిపోయింది. జర్మన్ భాషలో సినిమాలు తీసినవాళ్లందరి వివరాలతో ఒక పుస్తకం కూర్చాలని ఆమె పంతం. ఎవరెక్కడ పుట్టారు, ఏ యేట ఏం తీశారు, ఎలా పోయారు, మనిషికొక కార్డు. దేశదేశాలకు ఉత్తరాలు రాసి నాలుగు వేల మందిని పోగేసింది. అంతలో కళ్లకు శుక్లాలు కమ్మాయి. రెండేళ్లుగా ఆ కార్డులు టైపు చేసి, ఇంటిపేర్ల ప్రకారం వరుసలో పెట్టే పని రెబెక్కమ్మదే.

గురువారం మద్రాసు రేవులో ఓడ. అది తప్పితే ఇక పుస్తకం మాటే ఎత్తవద్దని జర్మనీలో అచ్చువేసే ఆయన రాశాడు. రెబెక్కమ్మ భర్త పేరు సమాధానం. అతను కార్డుల పెట్టెను స్టేషనుకు చేర్చడానికి ఎద్దుబండి కట్టి గుమ్మంలో నిలబడ్డాడు.

"రెబెక్కా, మూత వేసే ముందు మా తమ్ముడి కార్డు తీ. ఒకసారి చేత్తో పట్టుకుంటాను. ఓట్టో బ్రెన్‌కె. బి కట్టలో చూడు," అంది హిల్డమ్మ.

ఓట్టో అయితే బి లో ఎందుకుంటాడు? అలవాటుగా ‘ఓ’ అక్షరం కట్టలో చెయ్యి పెట్టబోయి రెబెక్కమ్మ ఆగిపోయింది.

"బి ఎందుకమ్మగారూ?"

"మా ఇంటిపేరు బ్రెన్‌కె కదా!"

రెబెక్కమ్మకు అప్పుడు అర్థమైంది. గంధం వాళ్ల రెబెక్కమ్మ ఆమె. ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. లోకమంతా అంతే అనుకుంది పిచ్చితల్లి! ప్రతి కార్డు మీదా మొదటి మాటే ఇంటిపేరనుకుంది. హాన్సు వారి వంశం ఇంత పెద్దదా అని మురిసిపోయింది కూడా. నాలుగు వేల మందీ తప్పు చోట కూర్చున్నారు.

"దొరకలేదా?" అంది హిల్డమ్మ. యూదురాలైన భార్యను వదలనన్నందుకు ఆ తమ్ముడి పేరును అప్పటి ప్రభుత్వం సినిమాల నుంచీ పుస్తకాల నుంచీ తీయించేసింది. మనిషి ఖైదులో పోయాడు. ఈ పుస్తకం ఆ తమ్ముడి కోసమే మొదలుపెట్టింది. ఆమె తడుముకుంటూ లేచి బి కట్టను తానే వేళ్లతో తిరగేయసాగింది.

సమాధానం భార్య మొహం చూసి సంగతి పసిగట్టాడు. పక్కకు లాగి, చెప్పిందంతా విని గుసగుసలాడాడు. "ఏం చెప్పబాక మే! ఆ కార్డొకటి చేతిలో పెట్టు, చాలు. ఆమెకు కనపడదు గదా. ఆ దేశంలో వాళ్లే సర్దుకుంటారు. ఇప్పుడు చెప్పినావంటే నీ ఉద్యోగం పోతాది, ఆ ముసలామె ప్రాణం పోతాది."

నిజమే, ఎవరికీ తెలియదు. అయినా రెబెక్కమ్మ ‘ఓ’ కట్టలో నలభైయొక్క ఓట్టోల మధ్య నుంచి ఆ కార్డు తీసి హిల్డమ్మ చేతిలో పెట్టింది. "ఇది ‘ఓ’ లో ఉన్నింది అమ్మగారూ. ఇదొకటే కాదు. అన్నీ నేనే తప్పుగా పెట్టినాను," అని ఏడ్చేసింది.

హిల్డమ్మ తిట్టినా బాగుండేది. "సమాధానం, బండి విప్పు. రేపు మధ్యాహ్నం రైలుంది," అని మాత్రం అంది. ఆ పగలంతా, మర్నాడు పొద్దుటి నుంచీ ఇద్దరూ నేలమీద కూర్చున్నారు. రెబెక్కమ్మ పేరు చదవడం, హిల్డమ్మ అక్షరం చెప్పడం. బుధవారం రైలు కూత వినిపించేసరికి, ఇద్దరినీ బండిలో ఎక్కించుకుని సమాధానం ఎద్దుల్ని పరుగెత్తిస్తున్నాడు. గార్డు కేకలేస్తుండగా పెట్టె ఎక్కింది.

రైలు కదిలాక రెబెక్కమ్మ చేతులు జోడించింది. "ఈ పని ఇంకెవురికన్నా ఇయ్యండమ్మగారూ. నాకు అర్హత లేదు."

"మా తమ్ముడి పేరు తీసేసినవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు రెబెక్కా," అంది హిల్డమ్మ. "పదిహేనేళ్లు వాళ్లందరికీ ఉత్తరాలు రాశాను. తప్పు నాదేనని నాతో చెప్పింది నువ్వొక్కదానివే."